సంచి తీస్తే 45 రోజుల సెలవు, నొప్పంటే మెమో

(తిరుపతిలో దళిత మహిళా ఉద్యోగులు, కార్మికులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త చిత్తూరు ప్రాంతంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు. మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం.)



ఈ సభలో నన్ను రిజర్వేషన్ల గురించో, ప్రమోషన్లలో జరిగే అన్యాయం గురించో మాట్లాడమన్నారు. నేనే వద్దని, ముట్టు నొప్పి గురించి మాట్లాడతానన్నాను. ఒక అన్న మొహం అదోలా పెట్టి, "ఉద్యమ సభలో ఇదెందుకమ్మా, ఇది ఆడోళ్ళ ఇంటి విషయం గదా" అన్నాడు. అన్నా, మా అవ్వను ఊరి బావి దగ్గరికి రానీకపోతే అది ఊరి విషయం అయింది, దేశం విషయం అయింది. ఆమె మనవరాలు కడుపు పట్టుకొని బడి స్టాఫ్ రూంలో నేల మీద పడుకుంటే మాత్రం ఇంటి విషయం ఎట్లా అవుతుంది? నా జీతం కోసేటప్పుడు ఇంట్లో కోయరు గదా, ఆఫీసులోనే కోస్తారు.

మాది పుత్తూరు దగ్గర ఒక ఊరి అరుంధతివాడ. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేను. సంక్షేమ హాస్టల్లో చదివాను. తొమ్మిదో తరగతిలో నెలనెలా రెండు రోజులు బడి ఎగ్గొట్టేదాన్ని. ఎగ్గొట్టేదాన్ని అంటే లేచి నిలబడలేక పోయేదాన్ని. వాంతులు. నడుం నుంచి తొడల దాకా మెలిపెట్టినట్టు నొప్పి. మా అమ్మకు చెబితే, "ఆడపుట్టుక పుట్టినాక ఓర్చుకోవాలమ్మీ, పెళ్ళయితే అదే పోతుంది" అనింది. పెళ్ళయింది, పోలేదు. బిడ్డ పుడితే పోతుందన్నారు. బిడ్డా పుట్టింది, నొప్పి పోలేదు. మా అమ్మ తప్పేమీ లేదు. ఆమెకు వాళ్ళమ్మ అదే చెప్పింది. శెనక్కాయల చేలో కలుపు తీస్తా, చెరుకు మోస్తా ఆమె కూడా అదే నొప్పి ఓర్చుకొనింది.

నా నొప్పికి పేరు తెలిసింది నాకు 33 ఏళ్ళు వచ్చినాక. పధ్నాలుగేళ్ళ నుంచి లెక్కేసుకోండి. పందొమ్మిదేళ్ళు పట్టింది. ఆ పేరు ఎండోమెట్రియోసిస్. నోరు తిరగని పేరే. కానీ మన నొప్పికి వాళ్ళు పెట్టిన పేరు మనకు తెలియకపోతే మనం అడగాల్సింది అడగలేం. అందుకని ఒకసారి అందరూ అనండి. ఎండోమెట్రియోసిస్.

ఏమిటిది? గర్భసంచి లోపల ఒక పొర వుంటుంది. నెలనెలా అది పెరిగి, బిడ్డ నిలవకపోతే విడిపోయి రక్తంతో బయటికి వస్తుంది. అదే ముట్టు. కొంతమందిలో ఆ పొర లాంటిదే సంచి బయట పెరుగుతుంది. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రపు సంచి పక్కన, ఎక్కడైనా పెరగొచ్చు. నెల వచ్చినప్పుడు అక్కడా వాపు వస్తుంది, రక్తం ఊరుతుంది. కానీ బయటికి పోయే దారి వుండదు. లోపలే గడ్డ కట్టి, ఒక అవయవాన్ని ఇంకో అవయవానికి అతికిస్తుంది. అండాశయంలో పాత రక్తం నిండిన గడ్డను డాక్టర్లు చాక్లెట్ సిస్టు అంటారు. పేరు తియ్యగానే వుంటుంది! దీనివల్ల ముట్టు రోజుల్లోనే కాదు, మామూలు రోజుల్లోనూ నొప్పి రావొచ్చు. మలవిసర్జనప్పుడు, భర్తతో కలిసినప్పుడు నొప్పి రావొచ్చు. మనిషి ఎప్పుడూ అలిసిపోయి వుంటుంది. కొందరికి పిల్లలు కలగడం కష్టమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో వున్న ఆడవాళ్ళలో, ఆడపిల్లల్లో ప్రతి పదిమందిలో ఒకరికి ఇది వుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మంది. ఈ హాల్లో ఎనభై మందిమి వున్నాం. లెక్క మీరే చేసుకోండి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. నొప్పి మాత్రలున్నాయి, హార్మోను మాత్రలున్నాయి, చిన్న రంధ్రం చేసి గడ్డలు తీసే ఆపరేషన్ వుంది. వీటితో అదుపులో పెట్టుకోవచ్చు. స్కానింగులో కనిపించలేదంటే జబ్బు లేదని కాదు. చాలా దేశాల్లో జబ్బు పేరు తేలడానికే ఏడెనిమిదేళ్ళు, పదేళ్ళు పడుతున్నాయి. ఎందుకు? ఆడదాని నొప్పిని ఎవరూ నమ్మరు కాబట్టి.

ఇప్పుడు కులం దగ్గరికి వస్తాను. జబ్బుకు కులం లేదు. నమ్మకానికి వుంది.

నేను 2003 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. మెరిట్ లిస్టులో నాకన్నా కింద వున్నవాళ్ళు కూడా నన్ను "కోటా మేడం" అనేవాళ్ళు. ఒక బడిలో పనిచేసేటప్పుడు నాతో పాటు పెద్ద కులానికి చెందిన టీచరమ్మ ఒకామె వుండేది. ఆమెకు ఒంటితలనొప్పి. అది వచ్చిన రోజు హెడ్మాస్టరు, "పాపం, ఇంటికి పొండి మేడం, మీ క్లాసు నేను చూసుకుంటా" అనేవాడు. ఆమెను నేను తప్పు పట్టను, ఆమె నొప్పి నిజమే. నేను కడుపునొప్పి అంటే అదే నోటితో, "ఉద్యోగం ఊరికే వస్తే ఇట్లే వుంటుంది" అనేవాడు. ఒకే స్టాఫ్ రూం, ఒకే గోడ గడియారం, రెండు నొప్పులు. ఒకటి జబ్బు, ఇంకొకటి సోమరితనం. చివరికి ఒకరోజు మెమో ఇచ్చారు. ప్రతినెలా ఒకే తీరున సెలవు పెడుతున్నందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని. ప్రతినెలా ఒకే తీరున ఏమొస్తుందో ఆ రాసిన పెద్దమనిషికి తెలియదా? వాళ్ళింట్లో ఆడోళ్ళు లేరా?

నేను సంజాయిషీలో "అనారోగ్యం" అని ఒక్క ముక్క రాసి ఇచ్చాను. ఇంకేం రాయాలి? ఆ కాగితం గుమాస్తా చదువుతాడు, అటెండరు చదువుతాడు, టీ కొట్టు దాకా పోతుంది. సిగ్గుతో నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడమే నేను చేసిన తప్పు. దానికే ఈ రోజు ఇక్కడ నిలబడి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాను.

ఇది మనకొక్కరికే జరిగింది కాదు. అమెరికాలో డాక్టర్లు చానా కాలం ఎండోమెట్రియోసిస్ అంటే చదువుకున్న, డబ్బున్న తెల్ల ఆడవాళ్ళ జబ్బు అని నమ్మారు. పెళ్ళి ఆలస్యంగా చేసుకొని పిల్లల్ని లేటుగా కనేవాళ్ళకు వస్తుందన్నారు. నల్లజాతి ఆడమనిషి అదే నొప్పితో పోతే, సుఖరోగాల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్ అని రాసేవాళ్ళు. అంటే నొప్పికి మందు ఇవ్వకపోగా నడతకు మచ్చ అంటగట్టారు. 1976లో డోనాల్డ్ చాట్‌మన్ అనే డాక్టరు పరిశీలించి చూస్తే, అట్లా ఇన్‌ఫెక్షన్ అని ముద్ర వేసిన నల్ల స్త్రీలలో నూటికి 20 మందికి పైగా నిజానికి వున్నది ఎండోమెట్రియోసిస్. జబ్బు వాళ్ళలో లేక కాదు, వెతకలేదు కాబట్టి కనపడలేదు. మన వాడల్లో ఎవరు వెతికారు?

వెతకలేదు గానీ కోశారు. మా అమ్మకు 31 ఏళ్ళకు గర్భసంచి తీసేశారు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో "సంచి పాడైపోయింది, వుంచితే క్యాన్సరవుతుంది" అని భయపెట్టారు. మా నాయన అరెకరా డీకేటీ భూమి కుదవపెట్టి డబ్బు కట్టాడు. ఆ భూమి మళ్ళీ మా చేతికి రాలేదు. నొప్పి మాత్రం మళ్ళీ వచ్చింది. ఎందుకొచ్చింది? ఈ జబ్బు సంచి బయట వుండేది. సంచి తీసేసినా బయట పెరిగింది మిగిలిపోతే నొప్పి మిగలొచ్చు. సంచితో పాటు చిన్న వయసులోనే అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. మా అమ్మ యాభై ఏళ్ళకే నడుం వంగిపోయి, కూలికి పోలేకపోయింది.

మా అమ్మ ఒక్కతే అయితే తలరాత అనుకుందాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశంలోనే మనది మొదటి స్థానం! ఆ తర్వాతి సర్వేలోనూ పెద్ద మార్పు లేదు. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి పల్లెలు తిరిగి, అవసరం లేకపోయినా సంచులు తీసేస్తున్నారని ఎప్పుడో చెప్పారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇట్లాంటి ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనవసరపు ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. ఆ తీర్పు మన మండలం దాకా వచ్చిందా? మీ ఊరి ఆశా వర్కరును అడిగి చూడండి.

ఇప్పుడు మన సర్కారు కాగితాలు చూద్దాం. టీచర్లం కాబట్టి జీవోలు చదవడం మాకు అలవాటు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఏప్రిల్ 1న ఆర్థిక శాఖ 52వ నెంబరు జీవో ఇచ్చింది. మహిళా ఉద్యోగి గర్భసంచి తీయించుకుంటే 45 రోజులు ప్రత్యేక సెలవు. మంచిదే, ఆపరేషనైన మనిషికి విశ్రాంతి కావాల్సిందే. దానికి ముందు 1996 మార్చి 16న విద్యాశాఖ 374వ నెంబరు జీవోతో మహిళా టీచర్లకు ఏడాదికి 5 క్యాజువల్ లీవులు అదనంగా ఇచ్చారు. అదీ సంఘాలు అడిగితేనే వచ్చింది. ఇప్పుడు లెక్క వేయండి. నెలకు రెండు రోజులు లేవలేని మనిషికి ఏడాదికి 24 రోజులు కావాలి. బిడ్డ జ్వరానికి, బంధువుల చావుకు, కోర్టు వాయిదాకు కూడా అందులోనే సర్దుకోవాలి. అంటే సంచి వుంచుకొని నొప్పి పడేదానికి 5 రోజులు, సంచి కోయించుకుంటే 45 రోజులు! ఎవరూ కావాలని ఇట్లా రాసి వుండరు. కానీ ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివితే వినపడేది ఒక్కటే మాట. "నొప్పితో రావద్దు, కోయించుకొని రా."

ఆ మాట విన్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. మా చెల్లెలి కూతురికి 26 ఏళ్ళు. సత్యవేడు వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లారక ముందే బస్సు ఎక్కాలి, షిఫ్టంతా నిలబడాలి. బాత్రూంకు పోవాలంటే లైను చూసుకునే ఆయన్ని అడగాలి. నెలలో ఒక్క రోజు రాకపోతే ఆ రోజు కూలీతో పాటు అటెండెన్స్ బోనస్ మొత్తం పోతుంది. పోయిన నెల నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇద్దరు పిల్లలున్నారు గదా, సంచి తీసేయించుకుంటాండా, డేటు గూడా ఇచ్చినారు" అనింది. డాక్టరు ఏం జబ్బన్నాడు అంటే తెలియదు. స్కానింగ్ కాగితం ఏదంటే ఆస్పత్రిలోనే వుంచుకున్నారంట. ఆమెకు జబ్బు ఏదో తెలియదు, బోనస్ ఎంత పోతా వుందో మాత్రం రూపాయితో సహా తెలుసు. ఆ బిడ్డ తన ఒంట్లో అవయవాన్ని అటెండెన్స్ బోనస్‌తో తూకం వేసుకుంటా వుంది. ఇది ఇంటి విషయమా అన్నా?

పక్కనున్న తమిళనాడులో ఇంకో దారి పట్టారు. బట్టల ఫ్యాక్టరీల్లో ముట్టు నొప్పి అన్న ఆడపిల్లలకు పేరు లేని మాత్రలు చేతిలో పెట్టి, పనికి నిలబెడుతున్నారని 2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ వంద మంది దాకా కార్మికులను కలిసి బయటపెట్టింది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు నరికే కూలీలు, పని పోతుందని సంచులే తీయించుకున్నారని అదే ఏడాది దేశమంతా చదివింది. ఆ చెరుకు నరికే చేతులు ఎవరివి? బీళ్ళు లేనోళ్ళవి, మనలాంటోళ్ళవి.

సెలవు అడిగితే రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండింటికీ జవాబు చెప్పుకుందాం.

మొదటిది మన వాడల్లోంచే వస్తుంది. "ముట్టని చెప్పి దూరం కూర్చోబెట్టడం మైల ఆచారం గదా. దానిమీద పోట్లాడి, ఇప్పుడు మనమే ముట్టుకు సెలవు అడగడమేంది?" మంచి ప్రశ్న. బయట కూర్చోబెట్టడం విశ్రాంతి కాదు. పశువుల కొట్టంలో కూర్చోబెట్టినా అక్కడ పేడ ఎత్తించారు. అది మనిషిని వెలివేయడం. మేం అడిగేది వెలి కాదు. నొప్పి వున్న రోజు కూర్చోను కుర్చీ, పడుకోను చోటు, పోగొట్టుకోని జీతం. అవసరం లేనామె పనికి వస్తుంది, ఆమెను ఎవరూ ఆపకూడదు. వెలివేసేది వాళ్ళు, విశ్రాంతి తీసుకునేది మనం. ఆ తేడా తెలియకుండా చేసిందే బ్రాహ్మణీయ భావజాలం.

రెండోది, "సెలవులిస్తే ఆడోళ్ళకు ఉద్యోగాలే ఇవ్వరు." 2024 జూలైలో సుప్రీంకోర్టు కూడా ఈ భయం చెప్పి, విధానం తయారు చేసే పని కేంద్రానికి అప్పగించింది. ఈ భయం పాతదే. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సెలవు బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ దాన్ని బలపరిచి మాట్లాడారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికి మేలని, ఆ ఖర్చులో సర్కారుకూ, ఆమె పనితో లాభపడే యజమానికీ బాధ్యత వుందని వాదించారు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఆడోళ్ళు పనుల్లోంచి మాయమైపోలేదు. బీహార్‌లో ఉద్యోగుల పోరాటం తర్వాత 1992 నుంచి ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజులు ప్రత్యేక సెలవు వుంది. బీహార్ కూలిపోలేదు. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం నెలకు ఒకటి చొప్పున ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు విధానాన్ని ఆమోదించింది, ప్రైవేటు కంపెనీలకు కూడా కలిపి. మన పలమనేరు దాటితే కర్ణాటక. సరిహద్దు రాయికి అటుపక్క ఆలోచించారు, ఇటుపక్క ఎందుకు ఆలోచించరు?

ఒక మాట మరిచిపోవద్దు. ముట్టు సెలవు వొక్కటే ఈ జబ్బుకు సరిపోదు. ఎండోమెట్రియోసిస్ నెలంతా బాధ పెట్టొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. అందులో ఇది లేదు. ఈఎస్ఐ కార్డు వున్నవాళ్ళకు జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఆ సంగతి మన ఆడకూలీల్లో ఎందరికి తెలుసు? తెలిసినామె పక్కామెకు చెప్పాలి. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులారా, మీ జీతంలోంచి ఈఎస్ఐ కింద కోసేది ఎక్కడికి పోతా వుందో కాంట్రాక్టరును గట్టిగా అడగండి.

అందుకని మనం అడగాల్సినవి ఇవి:

1. డాక్టరు రాసిచ్చిన ఎండోమెట్రియోసిస్ రోగికి, ఆపరేషన్ అయినా కాకపోయినా, ఏడాదికి ఇన్ని రోజులని జీతంతో ప్రత్యేక సెలవు. 52వ జీవో ఇచ్చిన చేతులతోనే ఇదీ ఇవ్వాలి. పర్మినెంటు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ తేడా వుండకూడదు.

2. జబ్బు పేరు అధికారి ఒక్కరికే తెలియాలి. కాగితం మూసిన కవరులో పోవాలి. చెప్పడం ఇష్టం లేనామెను బలవంతం చెయ్యకూడదు.

3. నొప్పి రోజుల్లో సర్దుబాటు. టీచరుకు మొదటి పీరియడు మార్చడం, నిలబడి పనిచేసే ఆమెకు కుర్చీ ఇవ్వడం, బరువు మోసే ఆమెకు వేరే పని చూపడం. దీనికి ఖజానా ఖాళీ కాదు.

4. నీళ్ళున్న, గడియ వున్న మరుగుదొడ్డి. అడగకుండా పోయే హక్కు. పడుకోను ఒక గది.

5. సెలవు పెట్టినందుకు బోనస్ కోయడం, మెమో ఇవ్వడం, ప్రమోషన్ ఆపడం నిషేధించాలి.

6. రెండో డాక్టరు చూడకుండా 40 ఏళ్ళలోపు ఆడమనిషికి గర్భసంచి తీయకూడదు. జిల్లాలో ప్రతి ప్రభుత్వ పెద్దాస్పత్రిలో ఈ జబ్బుకు వారానికి ఒకరోజు ఓపీ పెట్టాలి.

ఇవి సర్కారును అడిగేవి. ఇక మన ఇంటి గుమ్మం దగ్గర. అన్నలూ, మన సంఘం ఆఫీసులో ఆడోళ్ళకు మరుగుదొడ్డి వుందా? మీటింగు రాత్రి పదింటి దాకా లాగి, ఆడోళ్ళు రావడం లేదంటే ఎట్లా? మీ భార్య "నడుం విరుగుతా వుంది" అంటే, "రోజూ ఇదే పాట" అన్నవాళ్ళు చేతులెత్తండి. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. ఇంటికి పోయి మాత్రం అడగండి, "ఎన్నేళ్ళుగా వుంది?" అని. ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

టీచరక్కలూ, మీ క్లాసులో నెలనెలా రెండు రోజులు కనపడకుండా పోయే ఆడపిల్ల పేరు మీ హాజరు పట్టీలోనే వుంది. వెనక్కి తిప్పి చూడండి. ఆ పిల్లకు నాలాగా పందొమ్మిదేళ్ళు పట్టనీయకండి.

మా చెల్లెలి కూతురి సంగతి చెప్పి ముగిస్తాను. ఆపరేషన్ తేదీకి ఆ పిల్ల పోలేదు. సెలవు పెట్టించి, నేనే వెంటబెట్టుకొని తిరుపతిలో ప్రభుత్వ ఆస్పత్రిలో ఇంకో డాక్టరమ్మకు చూపించాను. ఆమె నిదానంగా అడిగింది, నిదానంగా వినింది. అది ఆ బిడ్డకు జీవితంలో మొదటిసారి. ఇప్పుడు మాత్రలు వాడతా వుంది. మూడు నెలలు చూద్దామన్నారు. తగ్గుతుందో లేదో నేను హామీ ఇవ్వలేను. ఆ నెల బోనస్ మాత్రం పోయింది. దాన్ని మా అక్కచెల్లెళ్ళం తలా కొంత వేసుకొని ఇచ్చాం. కానీ ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది పెద్దమ్మలు ఎన్నాళ్ళు చందాలు వేసుకుంటారు? అది ఇవ్వాల్సింది పని చేయించుకునేవాడు. మా అమ్మ అరెకరా పోగొట్టుకొనింది. ఆమె మనవరాలు ఇంకా ఏమీ పోగొట్టుకోకూడదని నేను ఈ మైకు పట్టుకున్నాను.

ఈ ఆరు కోరికలు కాగితం మీద రాసి తెచ్చాను. బయట బల్ల మీద పెట్టాం. సంతకం పెట్టి పొండి. సంతకం రానామె వేలిముద్ర వేయండి. సిగ్గుపడొద్దు. సిగ్గుపడాల్సింది మనం కాదు.

జై భీమ్.